మన కంప్యూటర్ కథ 1998లోనే మొదలైందా? మెయిన్‌ఫ్రేమ్ (గది నిండా ఉండే పెద్ద కంప్యూటర్) రోజులవాళ్లు ఎవరైనా ఉంటే రాయండి

టేప్‌రింగు
నిన్న ఒక వీడియో చూశాను, మన ఐటీ చరిత్ర అని. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభంతో కథ మొదలు. తర్వాత అమీర్‌పేట, ఆ తర్వాత అమెరికా విమానం. అంతే, అయిపోయింది. అంతకుముందు హైదరాబాదులో కంప్యూటర్ ముట్టుకున్న మనిషే లేనట్టు! ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ని ఇక్కడ పెట్టింది 1967లో. పగలూ రాత్రీ షిఫ్టులు చేసిన మాలాంటివాళ్లం ఇంకా ఉన్నాం కదా, ఒక్కరినైనా అడగొచ్చు.

నేను 1979లో బీఎస్సీ అవగానే ఆపరేటర్‌గా చేరాను. బ్రిటిష్ కంపెనీ ఐసీఎల్ చేసిన 1900 సిరీస్ మెషీను. బయట ఏప్రిల్ ఎండ, లోపల స్వెట్టర్. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి వెళ్లాలి. డేటా దాచే టేపు చుట్ట వెనక ప్లాస్టిక్ రింగు పెడితేనే దాని మీద రాయడం కుదురుతుంది, రింగు తీసేస్తే చదవడం వరకే. జీతాల మాస్టర్ టేపు ఎక్కించే ముందు మా షిఫ్ట్ ఇన్‌చార్జి గారు ఆ గాడిని వేలితో తడిమి చూసేవారు. కంటితో చూస్తే చాలదు, వేలికి తగలాలి అనేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నంత పని నేను తర్వాత ఏ కోర్సులోనూ నేర్చుకోలేదు.

ఏ మెషీను, ఏ ఊరు, ఏం పని... గుర్తున్నది రాయండి. మనం తెలుగులో రాసిపెట్టకపోతే ఆ వీడియోనే చరిత్ర అయి కూర్చుంటుంది.

1401_తాతయ్య
ఉన్నాం నాయనా. నాది హైదరాబాదు కాదు, మద్రాసు. మాది నెల్లూరు జిల్లా, అప్పట్లో మాకు పట్నమంటే మద్రాసే. 1969లో రైల్వే లెక్కల ఆఫీసు, ఐబీఎం 1401. దాని మెమరీ ఎంతో చెబితే మా మనవడు నమ్మడు. ఎంత పెంచినా 16,000 అక్షరాలు. ప్రోగ్రామూ అందులోనే, డేటా అందులోనే. ఆ చోట్లో సర్దుకుని వేల మంది జీతాల పట్టీలు వేశాం, గూడ్సు బళ్ల రాబడిలో ఏ జోనుకి ఎంత వాటా రావాలో తేల్చాం.

అప్పట్లో డేటా అట్టకార్డుల మీద చిల్లుల రూపంలో ఉండేది. కార్డు రీడరు నిమిషానికి 800 కార్డులు లాగేది. ప్రింటరు నిమిషానికి 600 లైన్లు. అక్టోబరు వానలు పట్టుకున్నాయంటే మాకు గండం, కార్డులు చెమ్మ పీల్చుకుని అంచులు ఉబ్బేవి, రీడర్లో ఇరుక్కునేవి. అందుకని డబ్బాలు ముందురోజే ఏసీ గదిలోకి తెచ్చి పెట్టేవాళ్లం. కట్టని రెండు చేతులా వంచి విదిలించి, గాలి ఆడనిచ్చి, బల్ల మీద తట్టి అంచులు సమం చేసి అప్పుడు పెట్టాలి. ఆ తట్టడం చూస్తే చాలు, కొత్తవాడో పాతవాడో తెలిసిపోయేది.

మౌలాలి_మల్లేశ్
మంచి ముచ్చట తీసిన్రు టేప్‌రింగు సార్. నేను ఈసీఐఎల్‌ల చేసిన, 1977ల చేరిన. టీడీసీ-316 మీద టెస్టింగ్. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. దానికంటే ముందుగాల టీడీసీ-12 వచ్చింది 1969ల. బయటికెళ్లి కొనుక్కొచ్చింది కాదు, మనోళ్లు చేసిన మెషీను. డబ్బాల పెట్టి లారీ ఎక్కిస్తుంటే మేమందరం గేటు దాంక పోయేటోళ్లం.

ఏఎస్ రావు నగర్ అంటే ఇప్పుడు పోరగాళ్లకు షాపింగే యాదికొస్తది. ఆ పేరు ఈసీఐఎల్‌ను నిలబెట్టిన ఏఎస్ రావు సార్‌ది. గా వీడియోల ఆయన పేరు లేకపాయె, గదే బాధ.

సరిగ్గా_చెప్పాలంటే
అడ్డు తగులుతున్నానని అనుకోకండి. టీడీసీ-316 మెయిన్‌ఫ్రేమ్ కాదు, 16 బిట్ల మినీ కంప్యూటర్. శీర్షికలో మెయిన్‌ఫ్రేమ్ అని ఉంది కాబట్టి చెబుతున్నా. ఐబీఎం సిస్టమ్ 360 (1964 ఏప్రిల్ 7న ప్రకటించారు), 370, ఐసీఎల్ 1900, సోవియట్‌వాళ్ల ఈసీ సిరీస్, ఇవీ మెయిన్‌ఫ్రేములంటే.

మౌలాలి_మల్లేశ్
16 బిట్లే అన్నా, నేను కాదన్ననా? కని గది నిండ ఉండె, ఏసీ నడుస్తుండె, మేం రాత్రిళ్లు కావలి కాసినం. మాకు గదే మెయిన్‌ఫ్రేము.

టేప్‌రింగు
మల్లేశ్ గారి పోస్టు ఉంచుదాం. చెప్పులు బయట విడిచి లోపలికెళ్లే ప్రతి మెషీనూ ఈ చర్చలో చెల్లుతుంది.

గిండీ_గేటు
ఐఐటీ మద్రాసు, 1975 బ్యాచ్. మా దగ్గర ఐబీఎం 370/155, జర్మనీ సాయంతో 1973లో వచ్చింది. అప్పటికి దేశంలో ఉన్న పెద్ద మెషీన్లలో అదొకటి. ఫోర్‌ట్రాన్ భాషలో ప్రోగ్రాము రాసి, కార్డులు కొట్టి, రబ్బరు బ్యాండు చుట్టి కౌంటర్లో ఇవ్వాలి. అవుట్‌పుట్ మర్నాడు. గుంటూరు వాళ్లం, కాకినాడ వాళ్లం, వరంగల్ వాళ్లం, అందరం అదే కిటికీ దగ్గర నిలబడేవాళ్లం. కాగితం పలచగా ఉంటే కంపైల్ కాలేదని దూరం నుంచే తెలిసిపోయేది.

ఆ పద్ధతి మాకు మేలే చేసింది. ఒక కామా పోతే ఒక రోజు పోతుంది. అందుకని హాస్టల్లో కూర్చుని మనమే మెషీను అనుకుని లైను లైనూ చేత్తో నడిపించి చూసి అప్పుడు ఇచ్చేవాళ్లం. ఇప్పటి పిల్లలకి ఆ ఓపిక లేదు.

అమీర్‌పేట_99
గిండీ గేటు గారూ, ఇది ఒప్పుకోను. ఒక కామా కోసం ఒక రోజు పోవడంలో గొప్పేముంది? మెషీను ఖరీదు, మనిషి చవక, అందుకని మనిషిని కౌంటర్ దగ్గర నిలబెట్టారు. ఇప్పుడు మెషీను చవక. పిల్లలు పది సార్లు రన్ చేసి చూసుకుంటే తప్పేంటి? ఓపికకీ దానికీ సంబంధం లేదు.

గిండీ_గేటు
ఖరీదు సంగతి నిజమే. కానీ రన్ చేసే ముందు ఆలోచించడం అనేది వేరే. అది మాకు ఆ కిటికీ నేర్పింది, దాన్ని తక్కువ చేయొద్దు.

వెరిఫయర్_వసుంధర
అందరూ మెషీను గురించే రాస్తున్నారు. ఆ కార్డులకి చిల్లులు ఎవరు కొట్టారు?

నేను 1974లో పంచ్ ఆపరేటర్‌గా చేరాను. హాలు నిండా ఆడపిల్లలమే. ఒకమ్మాయి కాగితం చూసి కార్డు పంచ్ చేస్తుంది. ఆ కట్ట, ఆ కాగితాలు ఇంకో అమ్మాయికి వెళ్తాయి. ఆమె వెరిఫయర్ మీద అదంతా మళ్లీ కొడుతుంది. ఈసారి చిల్లు పడదు, ఉన్న చిల్లుతో పోల్చి చూస్తుంది మెషీను. అన్నీ కలిస్తే కార్డు కుడి అంచున చిన్న గాటు. ఎక్కడైనా తేడా వస్తే కీబోర్డు బిగుసుకుపోతుంది, ఇంకో రెండుసార్లు అవకాశం ఇస్తుంది, అప్పటికీ కలవకపోతే సరిగ్గా ఆ కాలమ్ నెత్తిన గాటు పెడుతుంది. పని అయ్యాక కట్టని నిలబెట్టి కుడి అంచు చూస్తే గాట్లన్నీ వరసగా ఒక గాడిలా కనపడాలి. మధ్యలో గాడి తెగిందంటే ఆ కార్డు తప్పు. కొన్నాళ్లకి నాకు చూడక్కర్లేకుండా బొటనవేలికే తెలిసిపోయేది.

80 కాలమ్‌ల కార్డులో ఎక్కడ ఏ అంకె పడుతుందో మాకు తెలిసినట్టు ప్రోగ్రామర్లకీ తెలియదు. 23వ కాలమ్‌లో సున్నా రావాల్సిన చోట ఖాళీ ఉందని ఎన్నిసార్లు మేమే వెళ్లి చెప్పామో. అయినా ప్రోగ్రామింగ్ పోస్టులకి మమ్మల్ని పిలిచేవారు కాదు. మెషీను టైము రాత్రిళ్లే దొరుకుతుంది, ఆడవాళ్లకి రాత్రి షిఫ్టు వేయకూడదు, కాబట్టి కుదరదు అనేవారు. సంస్థ పేరు ఇప్పుడెందుకు, చాలా చోట్ల అదే మాట. భోజనం వేళ కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష మాన్యువల్ తెచ్చుకుని చదివేదాన్ని. మా సెక్షన్ ఆఫీసరు గారు ఒకాయన పట్టుబట్టి నాకు మధ్యాహ్నం పూట మెషీను టైము ఇప్పించారు. 1981లో ప్రోగ్రామర్ని అయ్యాను. ఆ తర్వాత రిటైరయ్యే దాకా కోబాలే.

ఇది ఫిర్యాదని రాయడం లేదు. ఆ హాలంటే నాకు ప్రాణం. ఆ మెషీన్ల చప్పుడు మధ్య పక్కమ్మాయితో మాట్లాడాలంటే పెదాలు చూసి అర్థం చేసుకునేవాళ్లం. అక్కడి స్నేహాలు ఇప్పటికీ ఉన్నాయి.

1401_తాతయ్య
వసుంధరమ్మా, నువ్వు చెప్పిన ప్రతి అక్షరం నిజం. మా జీతాల పట్టీలో తప్పు రాకపోవడానికి సగం కారణం వెరిఫయర్ హాలే. మేం ఆ సంగతి అప్పట్లో చాలినంతగా చెప్పలేదు.

రాత్రిషిఫ్టు
1403 ప్రింటర్ ఎన్1 మోడల్ మీద పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? చప్పుడు బయటికి రాకుండా దాని మీద పెద్ద మూత ఉండేది. కాగితం అయిపోతే ఆ మూత దానంతట అదే పైకి లేచేది. ఆ సంగతి తెలియని కొత్తవాళ్లు మూత మీద టీ గ్లాసు పెట్టేవారు, కార్డు కట్టలు పెట్టేవారు. ఏ సీనియరూ ముందు చెప్పేవాడు కాదు!

మౌలాలి_మల్లేశ్
గ్లాసు పడ్డంక అందరు కలిసి చెప్పుదురు 😂

సరిగ్గా_చెప్పాలంటే
1403లో క్యారేజ్ టేపు కూడా గుర్తు చేసుకోవాలి. కాగితపు పట్టీని వలయంగా అతికించి, ఒకటో ఛానెల్లో చిల్లు కొడితే అక్కడ కొత్త పేజీ మొదలు. పట్టీ చిరిగిందంటే పేజీ ఎక్కడుందో ప్రింటరుకి తెలియదు, పెట్టెలో కాగితం అంతా గాల్లోకి చిమ్మేది. కోబాల్ రిపోర్టుల్లో మొదటి కాలమ్‌లో 1 వేస్తే కొత్త పేజీ అనే పద్ధతి ఇప్పటికీ ఉంది.

రాత్రిషిఫ్టు
మీరిలాంటివి రాస్తే ఎవరూ అడ్డు తగిలారనుకోరు సార్. రాస్తూ ఉండండి.

బేగంపేట_బ్యాంకు
మా బ్యాంకులో కంప్యూటర్ అనే మాటే బయటికి అనకూడదు. ఉద్యోగాలు పోతాయని యూనియన్లు గట్టిగా ఉండేవి. 1983లో ఒప్పందం కుదిరాక కూడా బ్రాంచిలోకి వచ్చినవాటిని లెడ్జర్ పోస్టింగ్ మెషీన్లనే అన్నారు. యూనియన్‌వాళ్ల భయం అబద్ధమని నేననను, మా ఇంట్లోనే నాన్నగారు ఆ ధర్నాల్లో కూర్చున్నారు. నేనేమో కంప్యూటర్ పనులు చూసే ఈడీపీ సెల్‌కి ఎంపికయ్యాను. రాత్రి భోజనాల దగ్గర ఇద్దరం ఆ మాట ఎత్తేవాళ్లం కాదు.

టేప్‌రింగు
తాతయ్య గారూ, 1978లో ఐబీఎం వెళ్లిపోయినప్పుడు మీ దగ్గర ఏమైంది?

1401_తాతయ్య
విదేశీ మారకం చట్టం ఫెరా కింద విదేశీ వాటా 40 శాతానికి తగ్గించుకోమన్నారు, వాళ్లు కుదరదన్నారు, వెళ్లిపోయారు. మెషీన్లు ఎక్కడివక్కడే. వాటి బాగోగులు ప్రభుత్వ సంస్థ సీఎంసీ చూసుకుంది. వచ్చిన ఇంజనీర్లలో చాలామంది పాత ఐబీఎం కుర్రాళ్లే, చొక్కా మీద పేరు మారింది, స్క్రూడ్రైవరు అదే. అమెరికాలో ఎప్పుడో మూలన పడేసిన 1401ని మేం ఇంకా కొన్నేళ్లు నడిపాం. విడిభాగం దొరక్కపోతే ఇంకో జోన్లో ఆగిపోయిన మెషీన్లోంచి తెప్పించుకునేవాళ్లం. ఆ పట్టుదల గురించి ఎవరూ రాయరు.

ఒక సంగతి చెప్పాలి. గిండీ గేటు గారు ఓపిక అన్నారు, 99 గారు కాదన్నారు. నాకైతే టేపు నేర్పిన పాఠం వేరు. టేపు మీద ముందుకీ వెనక్కీ గెంతడం కుదరదు. పదివేల మంది ఉద్యోగుల రికార్డులు నంబరు వరసలో ఉంటాయి. ఈ నెల మార్పులు, అంటే సెలవులు, ఇంక్రిమెంట్లు, బదిలీలు, అవి కూడా ముందు అదే వరసలో సార్ట్ చేసుకోవాలి. పాత మాస్టర్ ఒక డ్రైవులో, మార్పులు ఇంకో డ్రైవులో, కొత్త మాస్టర్ మూడోదాంట్లో. రెండు నంబర్లూ పోల్చు. సమానమైతే మార్చి రాయి. మాస్టర్ నంబరు చిన్నదైతే మార్పేమీ లేదు, ఉన్నదున్నట్టు రాసెయ్. మార్పు నంబరు చిన్నదైతే అది కొత్త ఉద్యోగి అయ్యుండాలి, కాకపోతే తప్పు, పక్కన పెట్టి రిపోర్టులో చూపించు. ఇంతే ప్రోగ్రాము. పాత మాస్టర్‌ని మాత్రం ముట్టుకోం. ఏదైనా చెడితే నిన్నటి టేపుతో మళ్లీ నడుపుకోవచ్చు. మూడు తరాలు దాచేవాళ్లం, తాత, తండ్రి, కొడుకు అని. పాతదాన్ని చెరపకుండా కొత్తది రాసుకోవడం, ఇదీ నేను నేర్చుకున్నది. మా ఇంటి జమాఖర్చు పుస్తకం కూడా ఇప్పటికీ అలాగే రాస్తాను.

అమీర్‌పేట_99
తాతయ్య గారూ, ఈ పోస్టు ప్రింట్ తీసి పెట్టుకున్నా. ఇప్పుడు డేటాబేస్‌లవాళ్లు లాగ్ అంటూ చెప్పేది ఇదే కదా.

ఇక నా వంతు. నేను అందరూ తిట్టే అమీర్‌పేట బ్యాచ్. 1998లో మైత్రీవనం చుట్టుపక్కల ఏ గోడ చూసినా కోబాల్, సీఐసీఎస్, డీబీ2 లాంటి మెయిన్‌ఫ్రేమ్ కోర్సుల బోర్డులే. చాలా ఇన్‌స్టిట్యూట్లలో అసలు మెయిన్‌ఫ్రేమ్ లేదు, పీసీ మీద కోబాల్ నేర్పి, మెషీనుకి ఏ జాబ్ నడపాలో చెప్పే జేసీఎల్ మాత్రం బోర్డు మీద రాసి చూపించేవారు. అసలు మెషీను ముందు కూర్చోవాలంటే గంటకి ఇంత అని విడిగా కట్టాలి, తెల్లవారుజామున అయితే కాస్త తక్కువ. పొద్దున్నే మొదటి బస్సు పట్టుకుని వెళ్లేవాళ్లం. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు, మూల మీద లాగాన్. ఆ గంట ఇంకొకరితో పంచుకునేవాణ్ణి, ఒకడు టైపు చేస్తే ఒకడు చూసి చెప్పాలి.

అక్కడినుంచి వై2కే ప్రాజెక్టు, అంటే 2000 సంవత్సరం రాగానే తేదీలు చెడకుండా సరిచేసే పని. సంవత్సరానికి రెండంకెలే దాచిన ప్రోగ్రాములు వేలకి వేలు. 50 కంటే తక్కువైతే ముందు 20 పెట్టు, లేకపోతే 19 పెట్టు. ఆ ఒక్క ఐఎఫ్ ఎన్ని చోట్ల రాశామో. ఫిబ్రవరి 29 కూడా విడిగా చూడాలి, ఎందుకంటే వందతో భాగిస్తే లీపు కాదని కొందరు రాసి వదిలేశారు, 400తో భాగమైతే లీపు అనేది రాయలేదు. 2000 లీపు సంవత్సరమే కదా.

సరిగ్గా_చెప్పాలంటే
వై2కేలో ఏమీ జరగలేదు కాబట్టి అదంతా హడావుడి అనేవాళ్లకి 99 గారి పోస్టు చూపించాలి. ఏమీ జరగకపోవడమే అక్కడ చేసిన పని.

డాలస్_బాబాయ్
మాది కూడా అదే బ్యాచ్. ఇక్కడికొచ్చాక రాత్రి రెండింటికి పేజర్ మోగేది. రాత్రి దానంతటదే నడిచే బ్యాచ్ జాబ్ పడిపోయింది, ఎస్‌0సీ7. పొద్దున్న బ్యాంకు తెరిచేలోపు సరిచేయాలి. ఎస్‌0సీ7 అంటే ఏంటో తెలియనివాళ్లకి: అంకె ఉండాల్సిన చోట చెత్త ఉంది అని. కొన్ని ఫీల్డులు కలిపిన గ్రూపు మొత్తానికి స్పేసెస్ (ఖాళీలు) మూవ్ చేసి ఉంటారు, లోపల కాంప్-3 అనే అంకెల ఫీల్డు ఒకటి ఉంటుంది. మూవ్ చేయగానే జాబ్ పడిపోతుంది.

వెరిఫయర్_వసుంధర
బాబాయ్ గారూ, మూవ్ దగ్గర పడదు. గ్రూపు మూవ్‌కి లోపల ఏముందో అక్కర్లేదు. స్పేస్ అంటే హెక్స్‌లో 40. ఆ 40లు వెళ్లి కాంప్-3లో కూర్చుంటాయి, చివరి సగం బైటులో ప్లస్, మైనస్ గుర్తు ఉండాలి, అంటే సీ, డీ, ఎఫ్ లాంటిది. అక్కడ సున్నా ఉంటుంది. ఎక్కడో రెండు వందల లైన్ల తర్వాత యాడ్ చేసినప్పుడు పడుతుంది. అందుకే వెతకడం కష్టం. డంప్‌లో, అంటే జాబ్ పడినప్పటి మెమరీ నకలులో, 404040 కనపడితే పైకి వెళ్లి ఆ గ్రూపుని ఎవరు ముట్టుకున్నారో చూడాలి.

డాలస్_బాబాయ్
అవునండీ, యాడ్ దగ్గరే. మీ బొటనవేలు ఇంకా పనిచేస్తోంది అక్కా!

రాత్రిషిఫ్టు
మా ఇంట్లో పెళ్లికి బంతిలో విస్తళ్లు సరిపోలేదు. మా బావ (ఆయనా మెయిన్‌ఫ్రేమే) అక్కడే నిలబడి "ఎస్‌బీ37" అని అరిచాడు. డిస్కులో చోటు చాలకపోతే వచ్చేది. నవ్విన ముగ్గురం ఒకే షిఫ్టు.

ఎడిసన్_ఎన్‌జే
2020 ఏప్రిల్లో మా న్యూజెర్సీ గవర్నరు టీవీలో కోబాల్ తెలిసినవాళ్లు వాలంటీర్లుగా రావాలని అడిగారు. కోవిడ్‌లో నిరుద్యోగ భృతి దరఖాస్తులు ఒక్కసారిగా మీద పడ్డాయి, ఆ సిస్టం నలభై ఏళ్ల కిందటిది. మా వీధిలో రిటైరైన మన పెద్దాయన ఒకరు ఆ సాయంత్రం అటక మీంచి పాత మాన్యువళ్లు దింపారు.

కొత్తగా_చేరా
ఇదంతా చదువుతూ కూర్చున్నాను. నేను 2023లో జాయిన్ అయ్యాను. ఏఐ అని ఆశపడి వస్తే మెయిన్‌ఫ్రేమ్ సపోర్టులో వేశారు. ఫ్రెండ్స్ అందరూ అయ్యో అన్నారు, కెరీర్ అయిపోయిందన్నారు. మొదటి నెలలు నాకూ ఏడుపే. కానీ నిన్న ఒక ప్రోగ్రాము తెరిస్తే పైన మార్పుల పట్టిక ఉంది. మొదటి ఎంట్రీ 1984. 1999లో వై2కే అని ఒక ఎంట్రీ, పక్కన పేరు. ఇంటిపేరు చూస్తే మనవాళ్లదే. కింద అదే ఐఎఫ్, 50 కంటే తక్కువైతే 20.

మీరంతా చెప్పండి, ఇందులో ఉండిపోవచ్చా?

డాలస్_బాబాయ్
ఉండు నాన్నా, ఒక అయిదేళ్లు. రిటైరయ్యేవాళ్లు ఎక్కువ, వచ్చేవాళ్లు తక్కువ.

గిండీ_గేటు
ఉండు, కానీ ఒక్కదాంట్లోనే కూరుకుపోకు. జావా, లినక్స్ కూడా ఇప్పుడు అదే మెషీను మీద నడుస్తాయి, అవి కూడా పట్టుకో.

అమీర్‌పేట_99
నేనైతే సగమే ఒప్పుకుంటా. నచ్చితేనే ఉండు. పాతదాని మీద గౌరవంతో ఉద్యోగం చేయక్కర్లేదు. ఇంట్లో ఆడుకోవాలనుంటే మాత్రం హెర్క్యులిస్ అని ఎమ్యులేటర్ (మెయిన్‌ఫ్రేమ్‌లా నడిచే ప్రోగ్రాము) ఉంది, పీసీ మీద పాత ఎంవీఎస్ 3.8 ఆపరేటింగ్ సిస్టం నడుస్తుంది, ఉచితం. నేను ఆదివారాలు దాంతోనే. ఇంకోటి, ఆ 50 ఐఎఫ్ 2050లో తప్పు చెబుతుంది, అప్పటికి నువ్వే సీనియర్‌వి, గుర్తుపెట్టుకో.

కొత్తగా_చేరా
థాంక్స్ అన్నా. హెర్క్యులిస్ రాత్రే ఎక్కించా. జేసీఎల్‌లో చిన్న జాబ్ రాస్తే ఎక్స్‌పెక్టెడ్ కంటిన్యుయేషన్ నాట్ రిసీవ్డ్ (కొనసాగింపు లైను రాలేదు) అంటోంది. ఫైలు వివరాలిచ్చే డీడీ లైను చివర కామా పెట్టాను, కింది లైను స్లాషులతోనే మొదలుపెట్టాను. అందంగా ఉంటుందని పై లైనుకి సరిగ్గా కింద వచ్చేలా జరిపాను.

వెరిఫయర్_వసుంధర
ఆ జరపడమే తప్పు బాబూ. కంటిన్యుయేషన్ 4 నుంచి 16వ కాలమ్ లోపు మొదలవ్వాలి. నువ్వు 16 దాటించి ఉంటావు. వెనక్కి లాగు.

కొత్తగా_చేరా
నడిచింది మేడమ్!! ఇప్పుడు రెండో స్టెప్పు ఎస్‌806.

వెరిఫయర్_వసుంధర
ప్రోగ్రాము దొరకడం లేదని అర్థం. స్టెప్‌లిబ్, అంటే ప్రోగ్రాము ఏ లైబ్రరీలో ఉందో, ఇచ్చావా? పేరులో సున్నా బదులు ఓ అక్షరం కొట్టావేమో కూడా చూడు.

మౌలాలి_మల్లేశ్
మేడం దొరికిన్రు, ఇగ నీకేం ఫికర్ లేదు తమ్మీ.